నాలుగు వందల పదకొండు యూనిట్లు

కొర్లగుంటలో మూడో సందు, రుక్కమ్మ ఇంటి పైమిద్దె.
మార్చిలో అరవై రెండు. ఏప్రిల్లో డెబ్బై.
జూన్లో మిషను నోట్లోంచి కాగితం
నాలుక మాదిరి సాగి సాగి బయటికొచ్చింది:
నాలుగు వందల పదకొండు.

ఏసీ లేదు. గీజరు లేదు.
ఉండేది ఒక్కడే పిలగాడు, హేమాద్రి.
అలిపిరి కాడ లగేజీ కౌంటర్లో రాత్రి డ్యూటీ.
"ఫ్రిజ్జు పాతదన్నా" అన్నాడు.
ఆ ఇంట్లో ఫ్రిజ్జు లేదని
గడప దాటకుండానే తెలిసిపోయింది నాకు.

ఇరవై రెండేండ్లుగా ఇదే పని.
అంకె చూసి చెప్తా, ఎవురింట్లో బిడ్డ పుట్టిందో:
రాత్రంతా లైటు వెలగతాది.
ఎవురింట్లో ముసలాయన పోయినాడో:
టీవీ ఆగిపోతాది.
ఈ అంకె మాత్రం నాకు నోరిప్పలా.

కిటికీకి అంటించిన పేపరు సందులోంచి
వంకాయ రంగు వెలుతురు.
తలుపు కింద నుంచి వాసన,
నిమ్మతొక్కా తడిసిన గోనెసంచీ కలిపి నూరినట్టు.
దాని మీద మిట్టమధ్యాన్నం రెండు కట్టల అగరొత్తులు.
అన్ని అగరొత్తులు ముట్టించే భక్తుడు
తిరపతిలో గూడా లేడు.

ఒక దినం తలుపు వెయ్యడం మరిచినాడు.
బట్టలుండాల్సిన బీరువాలో
చెట్టు.
ఎండ ఎట్లుంటాదో తెలీని చెట్టు.
గాలంటే టేబుల్ ఫ్యానే అనుకునే చెట్టు.
వాడు ఒక్కో ఆకూ ఎత్తి చూస్తా ఉండాడు,
జరమొచ్చిన బిడ్డ నాలుక చూసినట్టు.
నన్ను చూసి లేచినాడు. పారిపోను తావు లేక
మళ్ళీ కూచున్నాడు.

గంజాయి నాకు కొత్త గాదు.
కపిలతీర్థం కాడ బైరాగుల చిలుముల్లో
చిన్నప్పుడే వాసన చూసినోణ్ణి.
కొత్తది వాని మొహం. కాదు, అదీ పాతదే.
చంద్రగిరి కాడ మా కళ్ళంలో
శెనక్కాయ ఆరబోసి, మబ్బుకేసి చూస్తా
మా నాయన పెట్టుకునే మొహం.
వీనికి మబ్బు గూడా లేదు.
గోడకు తేమ చెప్పే చిన్న డబ్బా.
అదే వాని ఆకాశం.

ఆ పై నెల బీరువా ఖాళీ.
దండేనికి తలకిందులుగా కొమ్మలు,
గబ్బిలాల మాదిరి.
"మిద్దె మీద ఎండేస్తే ఒక దినంలో అయిపోదా?"
"ఎండ తగలకూడదన్నా. నిదానంగా చావల్ల."

తర్వాత గాజు జాడీలు.
రోజూ సందేళ మూత తీసి
కొంచేపు ఊపిరి పీల్చుకోనిచ్చి మూస్తాడంట.
"అమ్ముతావా?"
"ఎవురికీ చూపించలా. నువ్వే ఫస్టు."
"మరెందుకురా?"
"కండ్లు మూస్తే టోకెన్లేన్నా.
టోకెన్లు, సంచులు, టోకెన్లు."

పంట పండి, పక్కింటోనికి చెప్పుకోలేని రైతును
అప్పుడే చూసినా.
జైలుకు పోతావురా అన్నా. తెలుసన్నా అన్నాడు.

ఏఈ సారు అడిగినాడు,
ఆ సర్వీసు ఏంది మొగిలీ, అంత కాలతా ఉండాదని.
"ఫ్రిజ్జు పాతది సార్."
నా నోట్లోంచే వచ్చింది.
ఆ మాటకు ఏ మీటరూ తిరగలా.

నవంబర్లో సున్నా.
తాళం.
పోలీసులొచ్చినారని రుక్కమ్మ.
వాళ్ళ మామ వచ్చి పిల్చకపొయినాడని కింద టైలరు.
ఇద్దరూ ఆ దినం ఊర్లో లేరు.
మెట్ల కింద చెత్తలో ముడులేసిన తాడు,
ఒక జాడీ.

జాడీ తెచ్చుకున్నా.
మా చెంగమ్మ మూడు తూర్లు సబ్బేసి కడిగి
నిమ్మకాయ ఊరేసింది.
ఉప్పు కింద, కారం కింద
ఇంకోటేదో ఉండాది. ఆమెకు తెలీదు.
"ఈ ఏడు ఊరగాయ బాగా కుదిరింది" అంటాది.

సందేళ డ్యూటీ నుంచి వచ్చి
మూత తీస్తా.
కొంచేపు ఉండి
మూస్తా.